జబ్బొకచోట, కోత ఇంకోచోట

మిరపకోతలకు పోయే మన పేటల ఆడకూతురికి నెలనెలా కడుపులో మెలిపెట్టే నొప్పొస్తే దానికి పేరుండదు. ఒక బిడ్డను కంటే అదే పోద్దంటుంది అత్త. పని ఎగ్గొట్టడానికి దొంగనొప్పంటాడు మేస్త్రి. ఆరెంపీ సూది పొడుస్తాడు. నాలుగోసారి టౌన్లో తనకు తెలిసిన ఆసుపత్రికి తోలుకుపోతాడు. అక్కడ ఒకటే పాట: గర్భసంచి చెడిపోయింది, తీసెయ్యకపోతే కేన్సరొస్తది. ముప్పై నిండని తల్లి వేలిముద్ర వేసి బల్లెక్కుతుంది. ఆరెంపీకి కమీషను, షావుకారికి ప్రోనోటు. ఆమెకు కుట్లు.

అక్కలారా, ఈ నొప్పికి పేరుంది. ఎండోమెట్రియోసిస్. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళలో పదిమందికొకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గర్భసంచి లోపలి పొరలాంటిదే సంచి బయట, అండాశయాల మీదా పేగుల మీదా మొలుస్తుంది. ముట్టయినప్పుడల్లా అక్కడా వాపొచ్చి నెత్తురూరుతుంది. పోయే దారిలేక లోపలే గడ్డకట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ముట్టులో దొడ్డికిపోతే నొప్పి, మొగుడితో కలిస్తే నొప్పి, కొందరికి పిల్లలు పుట్టకపోవడం. ఇది కేన్సర్ కాదు. జబ్బు సంచి బయటుంటే సంచి కోసి అవతల పారేస్తే నొప్పి పోతుందా? బయట మొలిచింది బయటే ఉంటుంది గదా!

దీనికి ముందు మాత్రలు, హార్మోను మందులు. లొంగకపోతే లాపరోస్కోపీ. బొడ్డు దగ్గరా కిందా చిన్న గాట్లుపెట్టి, గ్యాసుతో కడుపు ఉబ్బించి, కెమెరాతో చూస్తూ మొలిచిన పొరనీ, అతుకుల్నీ, అండాశయంలోని నల్లనెత్తురు తిత్తినీ తీస్తారు. సంచి ఎక్కడిదక్కడే. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరతారు. భుజం పీకితే భయపడొద్దు, అది గ్యాసు. పేగుల్లోకి పాకితే మాత్రం ఆపరేషన్ పెద్దది. నొప్పి చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొన్నేళ్ళకు తిరగబెడుతుంది. ఈ సంగతి కోతకు ముందే చెప్పాలి. కొన్ని వారాలు బరువులెత్తకూడదు. మాబోటి పంతుళ్ళకైతే సెలవుంది, జీతముంది. కూలిమనిషికి ఆ వారాల కూలి ఎవరిస్తారు?

గర్భసంచి తియ్యడం ఎప్పుడూ తప్పేనని మేం అనడంలేదు. అది ఆఖరిమెట్టు. మన దగ్గర అదే మొదటిమెట్టయింది. సంచితోపాటు రెండు అండాశయాలూ తీస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. ఒంట్లో ఆవిర్లు, గుల్లబారే ఎముకలు, గుండెకు ముప్పు. వంగి నాట్లేసే మనిషికి నడుమే ఆస్తి గదా.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. మన నేలమీదే సంచులు అంతగా చెడిపోతాయా? ఏ రోగం చెప్పిన లెక్క ఇది? డబ్బు చెప్పిన లెక్క.

అక్కర్లేని ఈ కోతల్ని ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు రాసింది. మూడు నెలల్లో అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. జిల్లాకొక పర్యవేక్షణ కమిటీ ఉండాలన్నది అందులోదే. మన జిల్లాలో అది ఉందా, ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు? సంఘాలవాళ్ళు కలెక్టరాఫీసులో కాయితం పెట్టి అడగాలి. పెద్దాసుపత్రిలో లాపరోస్కోపీ మనకెందుకు అందడంలేదో కూడా అడగాలి.

కోతకు ఒప్పుకునే ముందు ఇంకో డాక్టరుకు చూపించండి. ఏం తీస్తారో తెలుగులో చదివించుకోకుండా వేలు పెట్టొద్దు. తీసినదాన్ని పరీక్షకు పంపిన రిపోర్టూ, డిశ్చార్జి కాయితమూ అడిగి తెచ్చుకోండి. ఇవ్వమంటే కబురుపెట్టండి, కలిసిపోయి అడుగుదాం.