శిఖరం కన్నా ముందు శాస్త్రం
బాలి వెళ్లే మన కుర్రాళ్లు తెల్లవారుజామునే 1,717 మీటర్ల బాటూర్ అగ్నిపర్వతం ఎక్కి సూర్యోదయం చూసి వస్తున్నారు. వెళ్లాల్సిందే, భూమి ఇంకా బతికే ఉందని కాళ్ల కింది వేడి చెప్పినంత గట్టిగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. కానీ ఆ కొండ స్వభావం తెలుసుకోకుండా ఎక్కడం తప్పంటాను. 2023 డిసెంబరు 3న సుమత్రాలో మరాపి అగ్నిపర్వతం బద్దలై 24 మంది పర్వతారోహకులు చనిపోయారు. బిలానికి 3 కిలోమీటర్ల లోపలికి వెళ్లొద్దన్న సూచన అప్పటికే ఉంది. నాలుగు స్థాయుల హెచ్చరికల్లో ఆ రోజు ఉన్నది రెండోదే. లోపలి నీరు వేడెక్కి ఒక్కసారిగా ఆవిరై పేలితే ముందస్తు సంకేతం అందకపోవచ్చు. అందుకే గైడ్‌తో బేరం కన్నా ముందు ఆనాటి హెచ్చరిక స్థాయి ఎంతో అడగాలి. కొండల స్వభావం చెప్పే ఈ చదువు హైదరాబాద్‌లో మన అడిక్‌మెట్ పక్కనే దొరుకుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగం ఉంది, తార్నాక దాటితే 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని కట్టిన గులాబీ గ్రానైట్ భూమి లోతుల్లో చల్లారి గట్టిపడిన శిలాద్రవమే. వికారాబాద్ అనంతగిరి కొండల కింద ఉన్నవి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా పొరలు. ఈ రెండు సంస్థలూ నెలకో ఆదివారం మామూలు జనాన్ని ఆ కొండలకు తీసుకెళ్లి, రాయి చూపించి, తెలుగులో వివరించాలి. పాస్‌పోర్టుతోపాటు ఆ అవగాహననూ వెంట తీసుకెళ్లేవాళ్లు అగ్నిపర్వతాన్ని ఇంకా బాగా చూస్తారు, వద్దన్న చోట ఆగడమూ నేర్చుకుంటారు.