రీట్రై పెడితే సరిపోతుందా?

"పని చేస్తోందిగా, ఇంకేం కావాలి?" సాఫ్టువేరు ఆఫీసుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించే మాట ఇది. డ్రైవరు క్రాష్ అయితే అందరూ పరిగెత్తుకొస్తారు. అదే డేటా పాడైతే మాత్రం "రీట్రై పెట్టేద్దాంలే" అంటారు. నా మటుకు నాకు క్రాష్ అయ్యే డ్రైవరే నయం. కనీసం అబద్ధం చెప్పదు!

నేను పనిచేసిన ఓ ప్రాజెక్టే తీసుకోండి. కరెంటు మీటర్లు పంపే రీడింగుల్ని యూఎస్‌బీ మోడెం ద్వారా అందుకునే చిన్న పెట్టె. లోపల ఏఆర్ఎం ప్రాసెసరు, లినక్సు. రోజుకి ఒకటో రెండో రీడింగులు చెడిపోయి వచ్చేవి. అదే డ్రైవరు పీసీ మీద రోజుల తరబడి నడిపినా ఒక్క బైటూ తేడా రాదు. ఇంకేముంది, కొందరు కేబులన్నారు, కొందరు సిగ్నలన్నారు.

కేబుల్ని అనుమానించే ముందు ఒక్కటి గుర్తుంచుకోవాలి. యూఎస్‌బీలో ఇలాంటి డేటా వెళ్ళే ప్రతి ప్యాకెట్‌కీ 16 బిట్ల సీఆర్‌సీ ఉంటుంది. దారిలో చెడితే హార్డువేరే మళ్ళీ తెప్పించుకుంటుంది. మేం ఎనలైజరు పెట్టి చూస్తే వైరు మీద డేటా శుభ్రంగానే ఉంది. మెమరీలోకొచ్చాకే చెడుతోంది. అదీ ఎప్పుడూ బఫరులో మొదటి 24 బైట్లే! వాటి స్థానంలో ఉన్నది చెత్త కూడా కాదు, అంతకు ముందు ప్యాకెట్ తాలూకు పాత డేటా.

అసలు దొంగ అక్కడ దొరికాడు. బఫరు ఒక స్ట్రక్చరు లోపల, 8 బైట్ల కౌంటర్ల పక్కనే ఉంది. 8, 24 కలిస్తే 32, అంటే ఆ ప్రాసెసరులో సరిగ్గా ఒక కాష్ లైను. మోడెం డేటా డీఎంఏ ద్వారా నేరుగా మెమరీలోకి వస్తున్న సమయంలోనే ప్రాసెసరు పక్కనున్న కౌంటరుని మారుస్తుంది. తర్వాత ఆ లైను మొత్తాన్నీ మెమరీకి తిరిగి రాసేటప్పుడు కొత్త డేటా మీద పాతది పడుతుంది. పీసీలో డీఎంఏకీ కాష్‌కీ పొంతన హార్డువేరే చూసుకుంటుంది కాబట్టి అక్కడ ఎన్నాళ్ళు నడిపినా బయటపడదు. బఫరుని విడిగా కేమాలక్‌తో తీసుకుంటే సరిపోయింది. నాలుగు లైన్ల మార్పు, అంతే.

ఇంతకీ రీట్రై పెడితే ఏమయ్యేది? ఆ మీటర్ల ప్రోటోకాల్‌లో ఉన్నది ఒక్క బైటు చెక్‌సమ్. చెడిన ప్యాకెట్లలో సుమారు 256కి ఒకటి దాన్నీ దాటేస్తుంది. దాటినది పాత రీడింగు రూపంలో ఉంటుంది కాబట్టి చూసినవాడికి అనుమానం కూడా రాదు. ఎవరింటికో తప్పుడు బిల్లు వెళ్తుంది. ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగితే "కంప్యూటరులో అలాగే ఉందండీ" అంటారు.

ఇది మా ఒక్కరి గోల కాదు. 2000లో స్టోన్, పార్ట్రిడ్జ్ అనే ఇద్దరు పరిశోధకులు నిజమైన నెట్‌వర్కుల్లో లెక్కతీస్తే 1,100 నుంచి 32,000 ప్యాకెట్లకి ఒకటి చొప్పున టీసీపీ చెక్‌సమ్ తప్పుతోందని తేలింది, కింద లింకుల్లో సీఆర్‌సీలు కాపలా ఉన్నా! చాలావరకు తప్పు వైర్లది కాదు, రెండు చివర్లా మధ్యలో రౌటర్లలో ఉన్న హార్డువేరుదీ సాఫ్టువేరుదీ. అలాగే 2016లో వచ్చిన లినక్సు 4.9లో కెర్నెల్ స్టాక్‌ని వేరే రకం మెమరీకి మార్చేసరికి, అప్పటిదాకా స్టాక్ మీది బఫర్లతో యూఎస్‌బీ డీఎంఏ చేస్తూ "బాగానే పనిచేసిన" డ్రైవర్లు కొన్ని మొరాయించాయి. అవి ముందు నుంచీ తప్పే. అదృష్టం కొద్దీ నడిచాయి.

రీట్రై వద్దని కాదు నేననేది. గాల్లో పోయే సిగ్నలుకి అది కావలసిందే. కానీ కారణం తెలియకుండా పెట్టే రీట్రై మందు కాదు, దుప్పటి. ఈసారి ఎవరైనా ఆ మాటంటే ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "చెడినవి ఏ బైట్లు? ఎక్కడ చెడ్డాయి?" జవాబు లేకపోతే ఆ పని ఇంకా పూర్తికానట్టే.