నిండు రుసుమా, కట్నపు మూటయా?

కొమార్తె ప్రవేశపరీక్షలో నెగ్గి జాతీయ న్యాయవిశ్వవిద్యాలయమున స్థానము సంపాదించెనన్న సంతోషము మన గృహములలో తఱచుగా నొక పూటకంటె నిలువదు. మఱునాడే లెక్కలు మొదలగును. విద్యార్థివేతనము రాలేదు, రుసుము నిండుగా చెల్లింపవలెను. వసతిభోజనములతో గూడ ఐదేండ్లకు పది లక్షల రూపాయలు దాటును. కొన్నియెడల నిరువది లక్షలకును చేరును. అంతట పెద్దలు, "ధనమంతయు చదువునకే పోసినచో దీని పెండ్లికేమి మిగులును?" అందురు. కుమారుని విషయమున పుట్టని యీ ప్రశ్న కొమార్తె విషయముననే యేల పుట్టవలెను?

ముందుగా న్యాయమైన సందేహమును విచారింతము. ఆ విద్యాలయముల పేరునకు ఇంత వెల తగునా? 1961వ సంవత్సరపు న్యాయవాదుల చట్టము వకీలు, ప్లీడరు మున్నగు తరగతి భేదములకు స్వస్తిచెప్పి, న్యాయవాదులందఱును ఒక్కటే వర్గమని నిర్ణయించినది. హైదరాబాదునందలి నల్సారులో చదివినను, విశాఖపట్టణమునందలి దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయమున చదివినను, లాసెట్టు వ్రాసి తక్కువ రుసుముతో సామాన్య కళాశాలలో చదివినను, ధరించు నల్లగౌను ఒక్కటే. పిదప వ్రాయవలసిన అఖిలభారత న్యాయవాద పరీక్షయు నొక్కటే. కష్టములోనున్న కక్షిదారు తన వకీలు పట్టమెక్కడిదని యడుగడు. కావున కేవలము పేరుకొఱకు లక్షలు పోయుట అవివేకమే.

అయినను ఆ రుసుముతో వచ్చునది పేరు మాత్రమే కాదు. పలు రాష్ట్రముల సహాధ్యాయులు, మంచి గ్రంథాలయము, నమూనా న్యాయస్థానములలో వాదించు నభ్యాసము, విద్యాలయమునకే వచ్చి ఉద్యోగములిచ్చు పెద్ద న్యాయసంస్థలు - ఇవి నిజమైన లాభములు. వకీలు కుమారునకు తండ్రి కార్యాలయమే వీనిలో సగమిచ్చును. ఆ వృత్తితో సంబంధము లేని యింట పుట్టిన బాలికకు విద్యాలయము తప్ప వీని నిచ్చువారెవరు?

ఈ వృత్తిలో స్త్రీలకు ప్రవేశము సులభముగా లభింపలేదు. 1916లో కలకత్తా హైకోర్టు రెజీనా గుహను, 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాలా హజ్రాను, న్యాయపట్టములున్నను స్త్రీలన్న కారణముననే నిరాకరించినవి. 1923లో ప్రత్యేకముగా చట్టము చేసినగాని ఆ యడ్డు తొలగలేదు. నాడు న్యాయమూర్తులు మూసిన తలుపును చట్టము తెఱచినది. నేడు తల్లిదండ్రులు మూసిన తలుపును తెఱచుట కేచట్టమును చాలదు.

పెండ్లికని దాచు ధనమేమి? దానిలో పెద్దభాగము కట్నమని యెఱుగనివారు లేరు. న్యాయవాదుల చట్టము పుట్టిన 1961లోనే వరకట్న నిషేధ చట్టమును పుట్టినది. పుచ్చుకొనుటయే కాదు, ఇచ్చుటయు నేరమే. నేడు దానికి సామాన్యముగా ఐదేండ్లకు తక్కువ కాని కారాగారశిక్ష విధింపబడినది. ఐదేండ్ల న్యాయవిద్యకు లేదన్న ధనమును ఐదేండ్ల శిక్షకు తగిన నేరమునకై భద్రపఱచుట యే ధర్మము? "చదివినకొలది వరుని వెల పెరుగును గదా" యని కొంద ఱందురు. వెల యడుగువానిని కాదని పంపగల ధైర్యము స్వార్జితము గల కన్యకే యుండును. కట్నము వియ్యాలవారి యింటికి పోయి మరలదు. విద్య యామెతోనే యుండును.

అట్లని ప్రతి గృహస్థుడును ఎట్లైనను నిండు రుసుము కట్టవలసినదని నేను చెప్పను. కట్నపు మూటయు లేక, పొలము నమ్మియో, బిడ్డ తలపై అప్పు మోపియో కట్టవలసివచ్చినప్పుడు లెక్క మారును. తాకట్టు లేకయే అప్పు దొరకు పథకమును కేంద్రప్రభుత్వము 2024లో ఆమోదించినమాట నిజమే. కాని తాకట్టు లేనిదైనను అప్పు అప్పే. పదిహేను లక్షల రూపాయలను నూటికి పది వడ్డీతో పదేండ్లలో తీర్పబూనినచో నెలకు రమారమి ఇరువదివేలు కట్టవలెను. కొత్తగా చేరిన చిన్నవకీలునకు సీనియరు ఇయ్యదగిన నెలజీతము పట్టణములలో ఇరువదివేలు, పల్లెలలో పదునైదువేలు అని భారత న్యాయవాద మండలి ఆ యేటనే సూచించినది. అదియు నిర్బంధము కాదు, సూచన మాత్రమే. అనగా నిండు జీతము వచ్చినను నిండుగా అప్పునకే పోవును. అట్టి యువతి జిల్లా న్యాయస్థానమున పేదల పక్షము వహింపవలెనన్న కోరికను చంపుకొని, మొదట జీతమిచ్చు పెద్ద సంస్థకు దాసురాలు కావలసినదే. స్వేచ్ఛ నిచ్చుటకు కొన్న విద్య స్వేచ్ఛనే హరించినచో దానివలన ఫలమేమి? అట్టి కుటుంబమువారు సామాన్య కళాశాలను సగౌరవముగా నెన్నుకొనవచ్చును. రాజమహేంద్రవరమున పుట్టి రాజ్యాంగసభలో కూర్చున్న దుర్గాబాయి 1942లో మదరాసున న్యాయపట్టము పొందునాటికి ఈ జాతీయ విద్యాలయములు పుట్టనేలేదు.

కావున, పాఠకులారా, మీ లెక్కల పుస్తకమున రెండే ప్రశ్నలు వ్రాసికొనుడు. ఈ రుసుము చెల్లించిన పిదప బిడ్డ తనకు నచ్చిన న్యాయస్థానమునకు పోగలదా? పోగలదేని చెల్లింపుడు, పోజాలదేని తక్కువ రుసుముగల కళాశాలకు పంపుడు. ధనము లేదని చెప్పుటకు ముందు, కట్నమునకు దాచిన మూట విప్పి చూచితిరా? విప్పి చూడక పలికిన "లేదు" అబద్ధమే యగును.