గడప లేని కొండకి మాత్రలెందుకు?

పై అంతస్తు అమ్మాయి నిన్న సాయంత్రం మా తలుపు తట్టింది. కైలాస మానససరోవర యాత్రకి పేరిచ్చిందట. 2020 నుంచి ఆగిపోయిన ప్రభుత్వ యాత్ర 2025లో మళ్ళీ మొదలయ్యాక మా హైదర్‌గూడలోనూ ఆ కబుర్లు మొదలయ్యాయి. "ఆంటీ, మీరు వెళ్ళొచ్చారు కదా, మాత్రలు ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?" అంది. కొండ ఎత్తు పడకపోతే వేసుకునే మాత్రల సంగతేమో అనుకున్నాను. కాదు. నెలసరి రాకుండా ఆపే మాత్రలట.

ఆమెకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే 2007లో నేనూ అవి మింగాను.

అప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. నా జీతం డబ్బుతో, ఖాట్మండు మీదుగా తీసుకెళ్ళే ఒక ట్రావెల్స్ వాళ్ళతో బయల్దేరాను. వాళ్ళిచ్చిన జాబితాలో ఉన్ని టోపీ, టార్చిలైటు, గ్లూకోజు పొడి తర్వాత ఒక వాక్యం: 'ఆడవారు తమ ఇబ్బంది వాయిదాకి మాత్రలు తెచ్చుకోవలెను.' హాల్లో సగం మంది ఆడవాళ్ళమే. ఒక్కరమూ నోరెత్తలేదు. క్లాసులో స్త్రీవాద కవిత్వం పాఠం చెప్పే నేను కూడా సందు చివర మందుల షాపుకెళ్ళి "యాత్రకి బాబూ" అన్నాను. ఆ కుర్రాడు తలెత్తకుండా కాగితంలో చుట్టిచ్చాడు. డాక్టరు చీటీ అడగలేదు. బీపీ ఉందా, తలనొప్పి వస్తుందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడగలేదు. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలని నాకూ తెలీదు.

మానససరోవరం దాదాపు 4,590 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పలచన. ఒంట్లో నీరు తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది. అలాంటి చోట హార్మోను మాత్రలు ఎవరికి పడతాయో, ఎవరికి ముప్పో డాక్టరు చూసి చెప్పాలి. ప్రభుత్వ యాత్రకైతే వయసు 18 నుంచి 70 లోపు ఉండాలి, బీఎంఐ 25 దాటకూడదు, గుండె, ఊపిరితిత్తులు పరీక్ష చేస్తారు. అన్ని పరీక్షలూ బతికి రావడానికి. ఈ మాత్రలు మాత్రం మైల కాకుండా ఉండటానికి!

పరిక్రమ యాభై రెండు కిలోమీటర్ల పైన. మొదటి రాత్రి దిరాపుక్‌లో, మాత్రలు వేసుకుంటున్నా నాకు కనిపించింది. గదిలో ఉన్నావిడకి భయం భయంగా చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "నాకు నిన్ననే మేడం, ఎవరికీ చెప్పకండి" అంది. హిమాలయాల అంచున, రాత్రి చలిలో, ఇద్దరు చదువుకున్న ఆడవాళ్ళం దొంగల్లా గుసగుసలాడుకున్నాం.

మర్నాడు 5,630 మీటర్ల డోల్మా లా ఎక్కాం. డోల్మా అంటే తార. జ్ఞానచంద్ర అనే రాజకుమారిని, వచ్చే జన్మలో మగాడిగా పుట్టమని ప్రార్థించుకో అన్నారట భిక్షువులు. మోక్షానికి ఆడ, మగ ఏమిటి, లోకంలో దుఃఖం తీరేదాకా ఆడదానిగానే పుడతానందట ఆవిడ. ఆవిడే తార. ఆ కనుమ దిగుతుంటే కింద గౌరీకుండం కనిపిస్తుంది. పార్వతి స్నానం చేసే చోటంటారు. వినాయకుణ్ణి కాపలా పెట్టి స్నానానికెళ్ళిన కథ ఇక్కడిదేనని కూడా చెబుతారు. ఆడదాని స్నానం, ఆడదాని ఒళ్ళు, ఆడదాని పేరు. ఆ నీళ్ళకి దణ్ణం పెట్టుకోవడానికి మేం మా ఒళ్ళు దాచుకుని వచ్చాం!

నన్ను ఇప్పటికీ కాల్చే ప్రశ్న ఒకటే. శబరిమలలో గుడి ఉంది, తంత్రి ఉన్నాడు, నిబంధన ఉంది, అందుకే 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. కైలాసానికి గర్భగుడి లేదు, గడప లేదు, ఆపే పూజారి లేడు. మరి ఎవరికి భయపడ్డాం? అక్కడ లేని గడపని హైదర్‌గూడ నుంచి మేమే బ్యాగులో మోసుకెళ్ళాం.

మా అమ్మ శ్రీశైలం వెళ్ళి, బయట చేరినందుకు దర్శనం లేకుండా సత్రం అరుగు మీద కూర్చుని తిరిగొచ్చింది. నాకు అరుగు తప్పింది, అభివృద్ధి అనుకున్నాను. ఏం అభివృద్ధి? అమ్మని ఇంకొకరు దూరంగా కూర్చోబెట్టారు. నన్ను నేనే కూర్చోబెట్టుకున్నాను, అదీ డబ్బిచ్చి.

"మాత్రే కదా, ఇంత రాద్ధాంతమా?" అనే స్నేహితులున్నారు. చలిలో, మరుగుదొడ్డి లేని దారిలో, నొప్పి భరించలేక ఒకామె డాక్టర్నడిగి వాయిదా వేసుకుంటానంటే అది ఆమె ఇష్టం, ఆమె సౌకర్యం. దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ 'ఇబ్బంది' అన్న ఆ మాటతో. రక్తం మైల అని ఒప్పుకుని మింగే మాత్రతో. ఎవరూ అడగకముందే తలొంచే మన అలవాటుతో.

పొద్దున్నే పై అంతస్తుకెళ్ళి ఆ అమ్మాయికి నా జాబితా ఇచ్చాను. గట్టి బూట్లు. సరిపడా ప్యాడ్లు. వాడినవి అక్కడ పారెయ్యకుండా వెనక్కి తెచ్చుకోవడానికి మందపాటి కవర్లు. నొప్పి ఎక్కువైతే ఏం చెయ్యాలో ముందే డాక్టర్ని అడగడం. చివర్న ఒక మాట రాశాను: గదిలో ఎవరైనా గుసగుసగా చెబితే నువ్వు మామూలు గొంతుతో జవాబు చెప్పు.

2007లో నేను చెయ్యలేని పని అదే.