నాంపల్లి చేప ప్రసాదం: క్యూలో నిలబడే ఆస్తమా రోగుల జేబులో ఇన్‌హేలర్ ఎందుకు ఉండాలి?

మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ కిక్కిరిసిపోతుంది. ఆస్తమా, ఆయాసంతో బాధపడేవారు దూరప్రాంతాల నుంచి వచ్చి గంటల తరబడి క్యూలో నిలబడతారు. బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం మత్స్యశాఖ కొర్రమీను పిల్లలను సమకూరుస్తుంది. పోలీసులు, ఇతర శాఖలు ఏర్పాట్లు చూస్తాయి. కోవిడ్ వల్ల మూడేళ్లు ఆగిన పంపిణీ 2023 జూన్ 9న మళ్లీ మొదలైంది.

ఈ ప్రసాదంతో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. తీసుకోవాలా వద్దా అన్నది ఎవరి నమ్మకం వారిది. కానీ ప్రసాదం తీసుకున్నామని ఇన్‌హేలర్ పక్కన పెడితే మాత్రం ప్రాణాల మీదకు రావచ్చు.

ఇన్‌హేలర్ ఎలా పనిచేస్తుంది?

భయపడినప్పుడు గుండె దడ పెరగడానికి కారణం అడ్రినలిన్. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు దీన్ని విడుదల చేస్తాయి. ఇది కణాలపై ఉండే రిసెప్టర్లకు అతుక్కుని పనిచేస్తుంది. ఆల్ఫా-1 రిసెప్టర్లను తట్టితే రక్తనాళాలు బిగుసుకుంటాయి. బీటా-1ను తట్టితే గుండె వేగం పెరుగుతుంది. బీటా-2ను తట్టితే శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరాలు వదులై గాలి ఆడుతుంది.

ఆయాసం వచ్చినప్పుడు చాలామంది వాడే నీలం రంగు ఇన్‌హేలర్‌లో ఉండేది సాల్బుటమాల్. ఇది ప్రధానంగా బీటా-2 మీదే పనిచేస్తుంది. కొన్ని నిమిషాల్లోనే ఉపశమనం మొదలై 4 నుంచి 6 గంటలు ఉంటుంది.

మాత్ర మంచిదా, ఇన్‌హేలరా?

'ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, మాత్రే నయం' అనే అపోహ ఇంకా ఉంది. లెక్క చూడండి. ఒక పఫ్‌లో ఉండే మందు 100 మైక్రోగ్రాములు. 4 మిల్లీగ్రాముల మాత్రలో దానికి 40 రెట్లు ఉంటుంది. పఫ్ నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి చేతుల వణుకు, గుండె దడ ఎక్కువ.

మాత్రల ధర కూడా పెరిగింది. తయారీ ఖర్చులు పెరిగాయన్న కారణంతో 2024 అక్టోబరులో ఎన్‌పీపీఏ కొన్ని పాత మందుల గరిష్ఠ ధరను 50 శాతం పెంచింది. సాల్బుటమాల్ మాత్రలు, నెబ్యులైజర్ ద్రావణం ఆ జాబితాలో ఉన్నాయి.

జలుబు మందుతో జాగ్రత్త

అబిడ్స్‌లో ఏ మందుల షాపులో అడిగినా దొరికే జలుబు మందుల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. ఇదీ ఈ కుటుంబానిదే. కాకపోతే ఆల్ఫా-1 మీద పనిచేస్తుంది. బీపీ ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిపిన ఫినైలెఫ్రిన్ మందులను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది.

అసలు ప్రమాదం ఎక్కడ?

సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. ఆస్తమాకు మూలమైన లోపలి వాపును తగ్గించదు. వెంటనే హాయిగా ఉండటంతో జబ్బు తగ్గిందనుకుంటాం. లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. అందుకే 12 ఏళ్లు దాటినవారికి ఒక్క సాల్బుటమాల్‌తోనే నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తప్పనిసరి. ఏడాదికి మూడు, అంతకు మించి నీలం ఇన్‌హేలర్లు ఖాళీ అవుతున్నాయంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం.

క్యూకు వెళ్లేవారు ఏం చేయాలి?

• రోజూ వాడే మందులు ఒక్క పూట కూడా మానొద్దు.
• ఇన్‌హేలర్, డాక్టర్ చీటీ దగ్గరుంచుకోండి. ఎన్ని పఫ్‌లు మిగిలాయో ముందే చూసుకోండి.
• వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, పఫ్‌లు తీసుకున్నా తగ్గకపోయినా క్యూ వదిలేయండి. వెంటనే అక్కడి వైద్య శిబిరానికి వెళ్లండి లేదా 108కి ఫోన్ చేయండి.
• ఊరికి తిరిగి వెళ్లాక కూడా డాక్టర్‌ను అడగకుండా ఏ మందూ ఆపొద్దు.