35 మార్కుల మెమోతో ఎంబీఏ గడప ముందు

బీజాపూర్ రోడ్డు మీద ఆలూరు స్టేజీలో బస్సెక్కి పట్నం వైపు వస్తుంటే ముందు చేవెళ్ల, తర్వాత మొయినాబాద్, ఆపైన అప్పా జంక్షన్. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి ఎంతో దూరం ఉండదు. 2001 డిసెంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) అక్కడే ఉంది. దారి మధ్యలో చిలుకూరుకు మళ్లితే వీసా బాలాజీ గుడి. మొక్కుకోవడానికి 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. పల్లె, గుడి, బిజినెస్ స్కూలు ఇంత దగ్గరదగ్గరగా ఉన్నా ఈ పల్లెల పిల్లల్లో ఎంతోమంది ఆ మూడో మెట్టు గురించి అడగను కూడా అడగరు. ఫోల్డర్‌లోంచి మెమో తీసి ఒకసారి చూసుకుని, మనకెందుకులే అని మళ్లీ లోపల పెట్టేస్తారు.

ఆ మెమోను కాస్త దగ్గరగా చూడాలి.

2020లో తెలంగాణలో పదో తరగతి చదివిన పిల్లల సంగతి తీసుకుందాం. మార్చి 19న పరీక్షలు మొదలయ్యాయి. మూడు పేపర్లు కాగానే కరోనాతో ఆగిపోయాయి. జూన్‌లో ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసి, బడిలో వేసిన ఇంటర్నల్ మార్కులతో 5 లక్షల పైచిలుకు మందికి గ్రేడ్లిచ్చి పాస్ చేసింది. అదే పిల్లలు ఇంటర్‌లో చేరారు. పాఠాలు టీవీలో, ఫోన్లో. ఇంటికి ఒక్క ఫోనుండి, దాన్ని నాన్న మార్కెట్‌కు పట్టుకుపోతే ఆ రోజుకు కాలేజీ లేనట్టే. 2021 ఫిబ్రవరిలో కాలేజీలు తెరిచారు, మార్చి దాటకుండానే మళ్లీ మూశారు. అందరినీ రెండో ఏడాదిలోకి పంపేసి, ఆ రెండో ఏడాది నడుస్తుండగా అక్టోబరులో మొదటి ఏడాది పరీక్ష పెట్టారు. డిసెంబరులో ఫలితాలొచ్చాయి. పాసైనవాళ్లు 49 శాతం. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పిల్లలూ తల్లిదండ్రులూ రోడ్డెక్కాక, అప్పటి విద్యాశాఖ మంత్రి, ఒకప్పటి చేవెళ్ల ఎమ్మెల్యే సబితా ఇంద్రారెడ్డి, ఫెయిలైన వాళ్లందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేస్తున్నట్టు ప్రకటించారు.

కనీస మార్కులంటే వందకు 35. సీఈసీ చదివిన పిల్లవాడి మెమోలో ఎకనామిక్స్ 35, సివిక్స్ 35, కామర్స్ 35. ఒకదాని కింద ఒకటి, స్టాంపు గుద్దినట్టు. ఈ గ్రూపులో ఇంటర్ మొత్తం వెయ్యి మార్కుల్లో సగం ఈ మొదటి ఏడాదివే. రెండో ఏడాదిలో కిందామీదా పడి ఎంత లాగినా అగ్రిగేట్ పైకి లేవదు.

అంటే ఒకే పిల్లవాడి చేతిలో రెండు కాగితాలున్నాయి. పదో తరగతిది పరీక్షలు పూర్తిగా రాయకుండా వచ్చింది. ఇంటర్ మొదటి ఏడాదిది క్లాసు వినకుండా రాసింది. ఒకటి ఉన్నదానికన్నా ఎక్కువ చెబుతుంది, రెండోది తక్కువ చెబుతుంది. అతనికి ఏం వచ్చో, ఎంత వచ్చో చెప్పగల శక్తి ఆ రెంటికీ లేదు. డిగ్రీ చేసిన వాళ్లు 2025లో, బీటెక్ వాళ్లు 2026లో ఇవే కాగితాలతో బయటికొస్తున్నారు.

బిజినెస్ స్కూళ్లు వాటిని ఎలా చదువుతున్నాయి? ఐఐఎంల ప్రవేశపరీక్ష క్యాట్ రాయడానికి డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. గడప అంత తక్కువ ఎత్తులోనే ఉంది. లోపలికి వెళ్లాక లెక్క మారుతుంది. ఐఐఎం అహ్మదాబాద్ ఇటీవలి పద్ధతినే చూడండి. ఇంటర్వ్యూకు పిలవడానికి క్యాట్ స్కోరుకు 65 శాతం, ప్రధానంగా పాత చదువులను లెక్కగట్టే అప్లికేషన్ రేటింగ్‌కు 35 శాతం వెయిటేజీ. ఆ రేటింగ్‌లో పదో తరగతి 90 శాతం దాటితే 10 పాయింట్లు, 55 లోపుంటే ఒక్కటే పాయింటు. ఇంటర్‌కూ దాదాపు ఇలాంటి వరసే. పదిహేనేళ్ల వయసులో జారిన మార్కు ఇరవై మూడేళ్లప్పుడు కూడా వెంటాడుతుందన్నమాట. అది మామూలు రోజుల్లోనే న్యాయమా అన్నది ఒక ప్రశ్న. కరోనా బ్యాచ్ విషయంలో మాత్రం ప్రశ్నే అక్కర్లేదు, అది అన్యాయం.

మన రాష్ట్రంలో ఎంబీఏ ప్రవేశాలకు పెట్టే ఐసెట్ ఈ విషయంలో పిల్లల పక్షాన ఉంది. డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం ఉంటే పరీక్ష రాయొచ్చు. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ర్యాంకు ఆ ఒక్క పరీక్ష మీదే. పదో తరగతి మెమో ఎవరూ తూకం వేయరు. మొయినాబాద్ చుట్టుపక్కల కాలేజీల్లోనే ఎంబీఏ సీటు దొరుకుతుంది. చాలామందికి ఇది మంచి దారి, దీన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. అయితే చేవెళ్ల పిల్లవాడికి ఐసెట్, కాన్వెంట్ పిల్లవాడికి ఐఐఎం అని ముందే గీత గీసినట్టయితే మాత్రం ఒప్పుకోకూడదు.

ఇక విదేశాల మాట. కన్సల్టెన్సీలో అడుగుపెట్టగానే మొదటి ప్రశ్న, ‘బ్యాక్‌లాగ్స్ ఎన్ని ఉన్నయ్ తమ్ముడూ?’ ఆ ప్రశ్నలో తప్పు లేదు. తప్పంతా కొన్నిచోట్ల దాని తర్వాత వినిపించే సలహాలో ఉంది. గ్యాప్ కనిపించకుండా ఎక్స్‌పీరియెన్స్ లెటర్ పెడదాం, మార్కులు చూసుకుందాం అంటారు. దొంగ సర్టిఫికెట్ల ముఠాలను హైదరాబాద్ పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు. తెలిసి అబద్ధపు పత్రం పెడితే అమెరికా వలస చట్టం కింద జీవితాంతం వీసాకు అనర్హత పడొచ్చు. 35 మార్కులతో అలాంటి శిక్ష ఎవరికీ పడదు. దాన్ని దాచబోయి ఇంత పెద్ద ముప్పు నెత్తికెత్తుకోవడం ఎంత దారుణమో ఇంట్లో పెద్దవాళ్లు కూర్చోబెట్టి చెప్పాలి.

పాత పరీక్ష ఒకటి తప్పినంత మాత్రాన దారి మూసుకుపోదు. మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల ఐఐటీ ప్రవేశపరీక్షలో తప్పారు. ఆ సంగతి 2017లో వచ్చిన తన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. మణిపాల్‌లో ఇంజనీరింగ్, మిల్వాకీలో ఎంఎస్ చేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో షికాగోకు విమానంలో వెళ్లొస్తూ అక్కడి విశ్వవిద్యాలయంలో 1997కల్లా ఎంబీఏ పూర్తి చేశారు. ఈ కథను పల్లె పిల్లలకు చెప్పేటప్పుడు మిగతా సగం కూడా చెప్పాలి. ఆయన తండ్రి ఐఏఎస్ అధికారి, చదివింది హైదరాబాద్ పబ్లిక్ స్కూలు. ఒకసారి జారితే పట్టుకునే చేతులు చుట్టూ ఉన్నాయి. అయినా పనికొచ్చే పాఠం ఒకటుంది. బిజినెస్ స్కూలుకు ఆయన వెళ్లింది చేతిలో పని అనుభవంతో. పాత పరీక్ష మీద కొత్త రుజువు వచ్చి కూర్చుంది.

ఆ కొత్త రుజువు ఆలూరులో ఎక్కడ దొరుకుతుంది? చేవెళ్ల వైపు చామంతి, బంతి పండించే ఇంటి పిల్లవాణ్ణి అడగండి. అర్ధరాత్రి దాటాక బండికెత్తిన పూలు తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌లో ఉండాలి. బతుకమ్మ రోజుల్లో కిలో ధర ఎలా ఎగురుతుందో, పండగ మర్నాడు ఎలా పడుతుందో, కమీషన్, హమాలీ, బండి కిరాయి పోను చేతికెంత మిగులుతుందో అతనికి నోటిలెక్క. పాడైపోయే సరుకు, గంటగంటకూ మారే ధర, అరువు మీద నడిచే బేరం. బిజినెస్ స్కూళ్లు కేస్ స్టడీల పేరుతో నేర్పేదీ ఇలాంటి లెక్కలే. కానీ దరఖాస్తులో వ్యాసం రాయమంటే అదే పిల్లవాడు ఇంటర్నెట్‌లో దొరికిన నాయకత్వ లక్షణాలు నింపుతాడు. పూల బండి గురించి రాయడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గు పోగొట్టే మనిషి ఒక్కరైనా ప్రతి డిగ్రీ కాలేజీలో ఉండాలి.

మెమో గురించి కూడా అతను దాచకుండా రాయాలి. ఏడుపు అక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు: ఆ ఏడాది కాలేజీ ఎన్ని రోజులు నడిచింది, ఫోను ఎవరి దగ్గరుంది, ఆ తర్వాత తనేం చేశాడు. ఆ ‘తర్వాత’ దగ్గర చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. కొద్దిపాటి ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షలో స్టాటిస్టిక్స్, అకౌంటింగ్ పాసైతే ఆ 35కు అదే జవాబు. బిజినెస్ స్కూళ్లు చూసే, రెండుంపావు గంటలు సాగే జీమ్యాట్‌లో లెక్కల విభాగంలో మంచి స్కోరు వస్తే ఇంకా గట్టి జవాబు, అది అయిదేళ్లు చెల్లుతుంది.

పిల్లలు తమ వంతు చేస్తారు. సంస్థలు కూడా తమ వంతు చేయాలి. 2020, 2021 సంవత్సరాల పది, ఇంటర్ మొదటి ఏడాది మార్కులను ఐఐఎంలు వెయిటేజీ నుంచి తీసేయాలి. ఆ పాయింట్లను డిగ్రీకో, క్యాట్‌కో కలపాలి. పరీక్ష లేకుండా వచ్చిన పదికి పది గ్రేడుకు కూడా ఇదే వర్తించాలి. అప్పుడే అది అందరికీ సమానం. ఇంటర్ బోర్డు ఆ ఏడాది పరిస్థితిని, కనీస మార్కుల నిర్ణయాన్ని వివరిస్తూ ఒక పేజీ లేఖ తయారుచేసి, అడిగిన ప్రతి విద్యార్థికీ ఇంగ్లిష్‌లో ఇవ్వాలి. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఐఎస్‌బీ ఏడాది కోర్సుకు రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది. 2025లో డిగ్రీతో బయటికొచ్చి పనిలో చేరిన చేవెళ్ల అమ్మాయి 2027లో అక్కడ దరఖాస్తు నింపుతుంది. ఆమె ఇంటర్ మెమోలో ఆ మూడు 35లు అప్పటికీ అలాగే ఉంటాయి. వాటి పక్కన జతచేయడానికి బోర్డు లేఖ ఉంటుందా లేదా అన్నది ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చున్న అధికారుల చేతిలో ఉంది.