పరీక్షకులను పరీక్షించువా రెవరు?

మన వంటయింటిలోని గ్యాసు బండను ఒకమారు పరికించి చూడుడు. పైనున్న పిడిని మోయు ఇనుప పట్టీలలో ఒకదాని లోపలివైపున ఒక అక్షరమును, రెండంకెలును కనబడును. 'ఏ' యన్న మార్చి, 'బి' యన్న జూను, 'సి' యన్న సెప్టెంబరు, 'డి' యన్న డిసెంబరు. 'సి 28' అని యున్నచో 2028 సెప్టెంబరు ముగియులోపల ఆ బండను మరల పరీక్షింపవలెనని యర్థము. గడువు దాటిన బండను పుచ్చుకొనక తిప్పిపంపుటకు మనకు హక్కు కలదు.

మా మల్యాలయందును, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందును వంటకు బండలే వాడుక గనుక ఈ గుర్తును మనమే చూచుకొనగలము. కాని భూమిక్రింద గొట్టములలో ప్రవహించు వాయువు మాటయేమి? ఆ గొట్టము మంచిదో చెడినదో పైన నివసించు గృహిణి కెట్లు తెలియును? ఈ ప్రశ్న యెంత గొప్పదో కోనసీమలోని నగరం గ్రామము మనకు తెలిపినది.

2014 జూన్ 27వ తేది తెల్లవారుజామున, మామిడికుదురు మండలములోని ఆ గ్రామమున, తాటిపాకనుండి కొండపల్లివైపు పోవు గెయిల్ సంస్థవారి 18 అంగుళముల గొట్టము పగిలెను. వెలువడిన వాయువు ఇండ్లచుట్టును క్రమ్ముకొని భగ్గున అంటుకొనెను. స్త్రీలు, పసిబిడ్డలు సహా 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లును, కొబ్బరితోటలును మాడిపోయెను. వాయువు కారుచున్నదని ముందే మొరపెట్టుకొంటిమని గ్రామస్థులు ఆనాడు పత్రికలవారితో చెప్పిరి.

విచారణలో తేలిన కారణము మనకు సులభముగా బోధపడునదే. పొడి వాయువునకై వేసిన గొట్టములో తేమతో కూడిన వాయువును పంపుచుండిరి. ఆ తేమతో బొగ్గుపులుసు వాయువు కలసినచో ఆమ్లమై, ఇనుమును లోపలినుండి తినివేయును. తడి తుడువక విడిచిన పెనము మరునాటికి తుప్పుపట్టుట మన మెరుగనిదా?

పోనీ, దేశమున చట్టము లేదా యన్నచో, ఉన్నది. 2006లో పార్లమెంటు చేసిన చట్టముచే పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి యేర్పడినది. గొట్టముల దృఢత్వమును కాపాడుటకై 2012లో నిబంధనలును వెలువడినవి. ఇవి రెండును నగరం దుర్ఘటనకు ముందటివే. కావున నియమము వ్రాయుట యొకటి, అది ప్రతి గ్రామమునను నెరవేరుట మరియొకటి యని గ్రహింపవలెను.

ఈ విషయమున అమెరికావారి పద్ధతి తెలిసికొనదగినది. 1968లో వారు చేసిన చట్టము ప్రకారము, ఒక రాష్ట్రము సరిహద్దులలోపలనే యుండు వాయు గొట్టములను ఆ రాష్ట్రపు పరీక్షకులే తనిఖీ చేయవచ్చును. అయితే తమ నిబంధనలు కేంద్రపు నిబంధనలకు తక్కువ గాకుండ నున్నవనియు, వానిని అమలు జరుపుచున్నామనియు రాష్ట్రము ఏటేట ధ్రువీకరణము సమర్పింపవలెను. కేంద్ర రవాణాశాఖవారు వచ్చి రాష్ట్రపు లెక్కలను, తనిఖీలను పరిశీలింతురు. పని సంతృప్తికరముగా లేనిచో ఆ ధ్రువీకరణమును త్రోసిపుచ్చి, తామే ఆ భారమును వహింపవచ్చును. రాష్ట్రమునకగు వ్యయములో నూటికి 80 వంతుల వరకు కేంద్రమిచ్చుటకు చట్టమున వీలు కలదు. ఇట్లు గొట్టమును పరీక్షించువాని పైనను పరీక్ష యున్నది.

మన దేశమున గొట్టముల భద్రతా నియమములు కేంద్రమండలి యధీనమందే యున్నవి. కాని ఆపద వచ్చిననాడు మొదట పరుగెత్తి వచ్చువారు స్థానికపు రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక సిబ్బందియే. ఆపదలో పాలుగలవారికి ముందుజాగ్రత్తలో పాలుండవలదా? రాష్ట్రమువారు మాత్రము అలసత్వము చూపరా యని కొందరడుగవచ్చును. చూపవచ్చును. అందులకే ఏటేటి ధ్రువీకరణము కావలెనని మేము చెప్పుచున్నాము.

అంతవరకు మనము చేయదగినదియు కొంత కలదు. పొలములలో గొట్టము పోవుదారిని తెలుపు రాళ్లును, పలకలును నాటియుందురు. వానిపైనున్న టెలిఫోను సంఖ్యను వ్రాసి యుంచుకొనవలెను. ఆ దారిపై ఇల్లు కట్టుట, నుయ్యి త్రవ్వుట, చెట్లు నాటుట 1962 నాటి చట్టముచే నిషిద్ధము. బుసమను శబ్దము విన్నను, నీటిలో బుడగలు కన్నను, అకారణముగ గడ్డి ఎండినను, నిప్పు రాజేయక దూరముగా పోయి వెంటనే తెలుపవలెను. వంటగ్యాసు కారినచో 1906 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

బండమీది గుర్తును చదువుకొను హక్కు మనకున్నట్లే, గొట్టమునకు కడపటి పరీక్ష యెన్నడు జరిగెనో, ఎవరు చేసిరో, ఏమి తేలెనో తెలిసికొను హక్కు దాని దాపున నివసించు ప్రతి యింటికిని ఉండవలెను. గ్రామసభలలో సోదరీమణులు ఈ ప్రశ్నను సంకోచింపక అడుగుదురుగాక.